రొట్టె ఆగదు, మిగతావి జరపండి!

పొద్దున లేచింది మొదలు పరుగే కదండీ! ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 కేంద్ర ప్రభుత్వ సర్వేలో తేలింది. (ఆ 97 మనింట్లో ఎక్కడున్నాయో వెతకాలి!)

పూడూరు వైపు ఇళ్ళలో అసలు చిక్కు జొన్నరొట్టెతోనే. పిండి రాత్రే కలిపి ఉంచితే రొట్టె పగులుతుంది. వేడినీళ్ళతో అప్పటికప్పుడు కలిపి తట్టాల్సిందే. అందుకని మిగతా పనుల్నే ముందుకు జరపండి. కూరగాయలు తరగడం, పిల్లల బట్టలు తీసిపెట్టడం రాత్రే కానిచ్చేయండి. లేవగానే కందిపప్పు నానేయండి. (2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన పక్కదేగా!) వాకిలి ఊడ్చి ముగ్గేసి వచ్చేసరికి నానుతుంది, కుక్కర్లో త్వరగా ఉడుకుతుంది, గ్యాసూ ఆదా. ఆలోగా రెండో పొయ్యి మీద రొట్టెలు. మంచినీళ్ళు పట్టడం, పక్కబట్టలు మడవడం శ్రీవారికి అప్పగించండి. మొదట్లో సణుగుతారు, పట్టించుకోకండి.