పత్తి గింజలో పసుపు విషం: క్యాన్సర్‌పై ప్రయోగాలు

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చిన రైతు అడిగేది దూది ధర. ఎమ్మిగనూరు నేతగాడికి కావలసిందీ నూలే. జిన్నింగు మిల్లులో దూది పోగా మిగిలిన గింజను పట్టించుకునేది నూనె మిల్లుల వారు, పాడి గల వారు మాత్రమే. అయితే ఆ గింజలోని ఒక విషాన్ని క్యాన్సర్ మందుగా మలచాలని శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు.

గింజను కోసి చూస్తే తెల్లని పప్పులో నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి చిన్న గ్రంథులు. వాటిలోని పసుపు పదార్థానికి 1899లో పోలెండ్ రసాయన శాస్త్రజ్ఞుడు మార్ష్లెవ్‌స్కీ గాసిపోల్ అని పేరు పెట్టాడు. పురుగుల బారి నుంచి కాపాడుకోవడానికి పత్తి మొక్క తయారు చేసుకునే ఆయుధమిది.

మరి గింజలు నానబెట్టి, రుబ్బి పెడితే గేదెకు ఏమీ కావడం లేదే అని సందేహం రావచ్చు. నెమరువేసే పశువుల పెద్ద పొట్టలో గాసిపోల్ మాంసకృత్తులతో ముడిపడి చాలా వరకు విషగుణం కోల్పోతుంది. ఆ పొట్ట ఇంకా ఎదగని లేగదూడలకు, పందులకు, కోళ్లకు ఈ రక్షణ లేదు. మోతాదు మించితే దూడలు, పందులు గుండె దెబ్బతిని చనిపోతాయి.

మనుషుల సంగతి చైనాలో బయటపడింది. 1950 దశకంలో అక్కడి కొన్ని పల్లెల్లో శుద్ధి చేయని పత్తి గింజల నూనె వాడిన కుటుంబాలలో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. 1970 దశకంలో దీనినే మగవారికి కుటుంబ నియంత్రణ మాత్రగా 8 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. మాత్ర పనిచేసిన మాట నిజమే. కాని కొందరికి రక్తంలో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడ్డాయి. మానేసిన తరువాత కూడా కొందరికి సంతానశక్తి తిరిగి రాలేదు. ఆ ప్రయత్నం విరమించక తప్పలేదు.

క్యాన్సర్ విషయంలో ఆశ కలిగించిన ఫలితం 1993లో అమెరికాలో వెలువడింది. అడ్రినల్ గ్రంథి క్యాన్సర్ శరీరమంతా పాకిన రోగులకు గాసిపోల్ ఇవ్వగా, చికిత్స కొనసాగించిన 18 మందిలో ముగ్గురికి గడ్డలు సగానికి పైగా తగ్గాయి. ముగ్గురే అయినా, వేరే మందులకు లొంగని రోగమది. చెడిన కణం తనంత తాను చనిపోకుండా అడ్డుపడే బీసీఎల్-2 అనే మాంసకృత్తిని గాసిపోల్ పట్టి బంధిస్తుందని ఆ తరువాత తేలింది. ఊపిరితిత్తుల, ప్రోస్టేట్ క్యాన్సర్లపైనా పరీక్షించారు. ఆశించిన మేలు కనిపించలేదు. గాసిపోల్ ఇంకా మందుల షాపుకు చేరలేదు.

ఈ దారిలో గెలిచింది పెరట్లోని బిళ్లగన్నేరు. మధుమేహానికి నాటువైద్యంలో వాడే ఈ ఆకును కెనడాలో నోబుల్, బీర్ పరీక్షించగా, చక్కెర తగ్గలేదు గాని తెల్లరక్తకణాలు పడిపోయాయి. అలా 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగు చూసింది. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు నేటికీ ముఖ్యమైన మందు. ఒక్క గ్రాము మందు తీయాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలి. కాబట్టి ఆకు నమిలితే, పత్తి గింజ తింటే క్యాన్సర్ పోతుందని ఎవరు చెప్పినా వినవద్దు. మందు అందేంత తినే లోపు విషం ప్రాణం తీస్తుంది.

ఇక శుద్ధి చేసిన పత్తి గింజల నూనెతో వండుకునేవారు భయపడనక్కరలేదు. గానుగ ఆడిన నూనె ముదురు రంగులో ఉండడానికి గాసిపోలే కారణం. కాస్టిక్ సోడా కలిపి శుద్ధి చేసినప్పుడు అది అడుగు మడ్డితో పాటు పోతుంది. ఆ మడ్డిని సబ్బుల తయారీకి వాడతారు.