మన పేట ఏ నియోజకవర్గంలో ఉంది?



పోయిన వారం ఎనిమిదో తరగతిలో పౌరశాస్త్రం చెబుతూ, "మన ఎమ్మెల్యే ఏ నియోజకవర్గానికి ఎమ్మెల్యే?" అని అడిగాను. ఒకడు లేచి "చింతాద్రిపేట సార్" అన్నాడు. పక్కవాడు "కాదు సార్, ఎగ్మోర్" అన్నాడు. నేను "చేపాక్-తిరువల్లికేణి" అనగానే "చేపాక్ అంటే క్రికెట్ గ్రౌండ్ కదా సార్!" అని క్లాసంతా నవ్వింది. ఇంటికి వెళ్ళి అమ్మానాన్నల్ని అడిగి రమ్మంటే, మర్నాడు వచ్చిన జవాబుల్లో సగం తప్పులే. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన పేట 1734లో పుట్టింది. గవర్నర్ మార్టన్ పిట్ కాలంలో, కంపెనీకి బట్ట నేసే చేనేతవాళ్ళ కోసం, సుంకురామ శెట్టి అనే తెలుగు వర్తకుడి తోటలో వెలిసిన ఊరు ఇది. తమిళంలో 'తరి' అంటే మగ్గం. 'చిన్న తరి పేట' చింతాద్రిపేట అయిందని చెబుతారు. అయితే ఈ పేట పేరుతో నియోజకవర్గం లేదు. మన ఓట్లు ఎప్పుడూ ఇంకో పేరు కిందే లెక్కలోకి వచ్చాయి.

అసలు ఓటే అందరికీ లేని కాలం ఒకటుంది. 1920లో మద్రాసు శాసనమండలికి తొలిసారి పెద్ద ఎత్తున ఎన్నికలు జరిగినప్పుడు, ఆస్తి ఉండి పన్ను కట్టేవాళ్ళకే ఓటు. ఆడవాళ్ళకు ఆ సంవత్సరం లేదు, తర్వాతి ఏడాది వచ్చింది. ఆ ఎన్నికల్లో గెలిచిన జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ శెట్టి మన తెలుగువాడే, మగ్గాల కులమైన దేవాంగుల బిడ్డ. ప్రభుత్వం నడపమని గవర్నర్ పిలిస్తే ఆయన వద్దన్నారు. ఆ తర్వాత 1921 నుంచి 1926 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పానగల్ రాజా కూడా తెలుగువారే. (రాష్ట్ర ప్రభుత్వ పెద్దను అప్పట్లో అలాగే పిలిచేవారు.) టి.నగర్లో బస్సు దిగే ప్రతిసారీ ఈ ఇద్దరి పేర్లూ చదువుతుంటాం. వాళ్ళెవరో పిల్లలకు చెప్పే ఇళ్ళు ఎన్ని?

స్వతంత్రం వచ్చాక ఇరవై ఒకటి నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు వచ్చింది. 1952 నాటి మద్రాసు శాసనసభలో 375 మంది సభ్యులు. కోటలోని హాల్లో 260 మందికే చోటు. అందుకని మౌంట్ రోడ్డులోని గవర్నమెంట్ ఎస్టేట్‌లో కొత్త భవనం కట్టి, 1952 మే 3న సభను అక్కడికి మార్చారు. ఆ చోటు ఎక్కడో కాదు, మన పేట నుంచి కూవం దాటితే నడిచిపోయేంత దూరం. అనంతపురం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న తెలుగు సభ్యులు కూర్చున్నది అక్కడే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక వాళ్ళు వెళ్ళిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం. నా దృష్టిలో మన కథ మారింది ఆ రోజే. అంతవరకు సభలో తెలుగు మాట్లాడేవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ తర్వాత మనం భాషా అల్పసంఖ్యాకులమయ్యాం. ఆ భవనాన్ని తర్వాత బాలర్ అరంగం అన్నారు. ఇప్పుడు అదే చోట కలైవాణర్ అరంగం ఉంది.

ఇక చేపాక్ సంగతికి వద్దాం. 1977, 1980, 1984 మూడు ఎన్నికల్లోనూ ఇక్కడ డీఎంకే నుంచి ఎ.రహమాన్ ఖాన్ గెలిచారు. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత రాష్ట్రమంతా గాలి ఇటు తిరిగినప్పుడు కాంగ్రెస్ నుంచి జీనత్ షర్ఫుద్దీన్ అనే మహిళ నెగ్గారు. 1996, 2001, 2006లో ఎం.కరుణానిధి. 2001లో ఆయనకు వచ్చిన మెజారిటీ అయిదు వేలు కూడా లేదు. అంత పెద్ద నాయకుడికీ అంతే. నాలుగు వీధులవాళ్ళు ఓటు వెయ్యడానికి వెళ్ళారా, ఇంట్లో పడుకున్నారా అన్నదాని మీద ఆధారపడే లెక్క అది.

1996-2001, 2006-2011లో మన ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఆ ప్రభుత్వం తెచ్చిందే. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి, 2015-16లో పదో తరగతికి చేరింది. మాతృభాష చదివే మన పిల్లలు పబ్లిక్ పరీక్షలో తమిళం పేపరు రాయవలసి వచ్చింది. తర్వాత భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు కోర్టుల ద్వారా మినహాయింపులు వచ్చిన సంగతి మీకు తెలుసు. తమిళం నేర్చుకోవడం తప్పని నేననను. ఈ ఊళ్ళో బతికేవాళ్ళం, బాగా నేర్చుకోవాలి. తెలుగు మార్కు తెలుగుకు ఉండాలన్నదే మన మాట. ఆ మాట చెప్పుకోవడానికి మనం కోర్టు దాకా వెళ్ళాం కానీ, చట్టం వస్తున్నప్పుడు మన నియోజకవర్గం ఆఫీసుకు వెళ్ళి అర్జీ ఇచ్చినవాళ్ళు ఎంతమంది? నేను ఇవ్వలేదు. అప్పుడు నేను మామూలు టీచర్ని. పాఠం చెప్పుకుంటే చాలనుకున్నాను.

2008లో హద్దులు మార్చారు. 2001 జనాభా లెక్కలను బట్టి నియోజకవర్గాలను సరిచేశారు. రాష్ట్రంలో 234 సీట్లు అలాగే ఉన్నాయి, చెన్నైకి మాత్రం 14 నుంచి 16 అయ్యాయి. చేపాక్, ట్రిప్లికేన్, పార్క్ టౌన్, పురసవాక్కం పేర్లు పోయాయి. చేపాక్-తిరువల్లికేణి వచ్చింది. మన పేట అందులోకి వచ్చింది. 2011, 2016లో జె.అన్బళగన్ గెలిచారు. ఆయన 2020 జూన్ 10న, సరిగ్గా తన పుట్టినరోజునే, కరోనాతో చనిపోయారు. ఆ తర్వాత 2021 ఎన్నికల దాకా సీటు ఖాళీగానే ఉంది. ఆ ఏడాదే దూరం దూరంగా కూర్చోవాలని శాసనసభ మళ్ళీ కలైవాణర్ అరంగానికి వచ్చింది, అంటే 1952 నాటి చోటికే. సభ మన పక్కనే జరుగుతుంటే మనకు సభ్యుడు లేడు! 2021లో ఉదయనిధి స్టాలిన్ 69,000 పైచిలుకు మెజారిటీతో గెలిచి, 2024 సెప్టెంబర్లో ఉపముఖ్యమంత్రి అయ్యారు.

తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. ఇల్లు మారినవాళ్ళు ఫారం 8 ఇవ్వకపోతే పేరు పాత చిరునామాలోనే ఉండిపోతుంది, లేదా తీసేస్తారు. పదిహేడు నిండిన పిల్లలు ఫారం 6 ముందుగానే ఇవ్వవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల మొదటి తేదీల్లో ఏ తేదీకి పద్దెనిమిది నిండితే అప్పుడు పేరు చేరుతుంది. ఫారం నింపడం రానివాళ్ళు సాయంత్రం బడి వదిలాక నా గదికి రండి, కలిసి నింపుదాం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఒక పని. మీ తాతయ్యను, అమ్మమ్మను అడగండి: మొదటి ఓటు ఏ సంవత్సరం వేశారు, ఏ బడిలో వేశారు, అప్పుడు నియోజకవర్గం పేరేమిటి? పాత ఓటరు స్లిప్పు గాని, కార్డు గాని ఉంటే జాగ్రత్తగా తీసుకురండి. నోటీసు బోర్డు పక్కన పేట మ్యాపు ఒకటి అతికిస్తున్నాం. ఎవరి వీధి దగ్గర వాళ్ళు రాసి పెట్టాలి.

— ప్రధానోపాధ్యాయుడు