పుస్తకంలోంచి వచ్చిన అమ్మాయి

ఖరగ్‌పూర్ స్టేషన్ మైకులో గీతాంజలి ఎక్స్‌ప్రెస్ వస్తోందని హిందీలో ఒకలా వినిపిస్తుంది. బెంగాలీకి వచ్చేసరికి అది 'గీతాంజోలి' అవుతుంది. ఈ ఊళ్లో పెరిగిన తెలుగు గీతాంజలికి ఆ రెండు పిలుపులూ సొంతమే.

ఇది దేవత పేరు కాదు, నది పేరూ కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 157 గీతాలతో 1910లో వెలువరించిన పుస్తకం పేరు. 103 గీతాల ఇంగ్లీషు గీతాంజలి 1912లో లండన్‌లో వచ్చింది, మరుసటేడే నోబెల్ బహుమతి. మనకు చలం తెలుగు చేసి ఇచ్చారు. పాటలను దోసిట పట్టి సమర్పించడమని దాని అర్థం. సంస్కృతంలో అంజలి పుంలింగమే అయినా, చివరి ఇకారం వల్ల కాబోలు, మన చెవికి ఆడపిల్ల పేరుగానే సోకింది. 'సీతారామ కళ్యాణం'లో సీతగా కనిపించిన కాకినాడ అమ్మాయి మణి, గీతాంజలిగానే తెరమీద స్థిరపడ్డారు. ఇక 1989లో మణిరత్నం సినిమా సరేసరి.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను ఇక్కడికి తెచ్చింది రైలే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్లు పనికి వచ్చారు. క్వార్టర్లలో కాపురాలు పెట్టారు, తరాలు గడిచాయి. ఉత్తరాంధ్ర ఆడవాళ్ల పేర్లలో ఊరి దేవుళ్లుంటారు. పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి, అప్పలనరసమ్మ అంటే సింహాచలం అప్పన్న, నూకాలమ్మ అంటే అనకాపల్లి తల్లి. పేరు చెబితే ఏ వైపు వాళ్లో తెలిసిపోయేది. గీతాంజలి అలా ఊరు చెప్పదు, కులం చెప్పదు. పక్కింటి బెంగాలీ పిల్లకూ అదే పేరుండొచ్చు. పరాయి చోట బతికేవాళ్లకు అది చిన్న వెసులుబాటు కాదు.

హౌరా నుంచి బొంబాయికి ఇదే పేరుతో 1977 డిసెంబరు 26న రైలు మొదలైంది. మధు దండవతే రైల్వే మంత్రి. ఫస్టు క్లాసు లేకుండా, అందరూ ఒకే తరగతిలో ప్రయాణించేలా దాన్ని నడిపారు. ఏసీ పెట్టెలు తర్వాత చేరాయి. తరగతుల్లేని బండికి ఈ పేరు పెట్టాలని తోచినవారికి నా నమస్కారం.

అయినా పైడమ్మను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. బెంగాలీల ఇళ్లలో ప్రతి బిడ్డకూ బడిలో రాయించే 'భాలో నామ్' ఒకటి, ఇంట్లో పిలిచే 'డాక్ నామ్' ఒకటి ఉంటాయి. ఇన్నేళ్లు వాళ్ల మధ్య బతికాం, ఈ ఆచారం మనమూ తీసుకోవచ్చు. రిజిస్టరులో గీతాంజలి అని రాయించండి, ఇంట్లో నాయనమ్మ పేరుతో 'పైడీ' అని పిలవండి.