సీపీయూ అదే, ఓఎస్ మారింది

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. మర్నాడు విశాఖలోని మల్కాపురంలో కంప్యూటర్లు ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీసుకున్నారు, పెద్దవాళ్లు రైలు టికెట్లు చూసుకున్నారు. పైకి ఏ తేడా లేదు. కానీ ఆ రోజు నుంచి విండోస్ 10లో ఏ కొత్త లొసుగు బయటపడినా దాన్ని పూడ్చే అప్‌డేట్ రాదు. ఏడాది అదనపు గడువుకు విడిగా నమోదు చేసుకున్నవారికి మాత్రం ఆ ఏడాది మినహాయింపు.

ఈ చుట్టుపక్కల ఇళ్లలో ఇప్పటికీ కనిపించే రకం సీపీయూ ఒకటి తీసుకుందాం. 2013లోనో 2014లోనో, అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు ద్వారకానగర్‌లో అసెంబుల్ చేయించినది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడినప్పుడు మంచం మీదికి ఎక్కించి ప్లాస్టిక్ కవరు కప్పి కాపాడుకున్నది. దాని పక్క రేకు విప్పి చూస్తే ఈ ఊరి గాలి ఎలాంటిదో తెలుస్తుంది. ప్రాసెసర్ మీద ఉండే అల్యూమినియం హీట్‌సింక్ రెక్కల మధ్య నల్లటి సన్నని దుమ్ము పేరుకుని ఉంటుంది. ఒకవైపు పోర్టు, ఇంకోవైపు రిఫైనరీ, ఆ పక్కనే సముద్రం. ఉప్పు తేమ కలిసిన దుమ్ము పొడిగా రాలదు, అతుక్కుపోతుంది. బ్లోయరు పెట్టి ఊదినా సగమే పోతుంది, మిగతాది బ్రష్షుతో గీకాలి. ఆన్ చేస్తే బీప్ బీప్ మని ఆగిపోయే సిస్టమ్‌ని రిపేరు కుర్రాడు బాగుచేసే పద్ధతి అందరూ చూసినదే. ర్యామ్ ఊడదీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ నొక్కి పెడతాడు. పళ్ల మీద పేరుకున్న మురికి పొర పోతుంది, సిస్టమ్ లేస్తుంది.

అంటే ఈ పెట్టెలో అరిగేవి కొన్నే. ఫ్యాన్ అరుగుతుంది, హార్డ్ డిస్క్ అరుగుతుంది, ఎస్ఎంపీఎస్ పోతుంది. ప్రాసెసర్‌లో కదిలే భాగమే లేదు. వేడెక్కకుండా చూసుకుంటే అది పదేళ్ల కింద ఎంత వేగంగా లెక్క కట్టిందో ఈరోజూ అంతే వేగంగా కడుతుంది. అయినా విండోస్ 11 దాన్ని ఒప్పుకోదు. బోర్డు మీద టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరమో ఆ తర్వాతిదో కావాలి. భద్రత కోసమే ఈ నియమాలన్నది మైక్రోసాఫ్ట్ వాదన, అందులో నిజం ఉంది. కానీ దాని ఫలితంగా పనిచేసే యంత్రాలు కోట్ల సంఖ్యలో పక్కకు పోతాయి. 24 కోట్ల పీసీలు చెత్తలో చేరవచ్చని కనాలిస్ సంస్థ 2023లో అంచనా వేసింది. నా మాట ఒకటే: మన ఐ3ని ఆ కుప్పలో కలపనక్కర్లేదు. దాని ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మార్చాలి. అయితే మార్చేముందు చూసుకోవాల్సింది సీపీయూని కాదు, అందులో ఉన్న మన తెలుగు ఫైళ్లను.

అసలు ఓఎస్‌ని యంత్రం నుంచి విడదీసి మార్చడం ఎలా కుదురుతోంది? మొదట్లో కుదరలేదు. తొలితరం కంప్యూటర్లకు ఓఎస్సే లేదు. ప్రోగ్రామ్ రాసినవాళ్లు వంతు ప్రకారం కార్డులు పట్టుకొచ్చి, యంత్రాన్ని తమ పనికి తామే సిద్ధం చేసుకునేవారు. ఒకరి పని అయ్యాక ఇంకొకరు సర్దుకునే లోపు లక్షల డాలర్ల యంత్రం ఖాళీగా ఉండేది. ఆ వృథా భరించలేక జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ ఇంజనీర్లు 1956లో ఐబీఎం 704 కోసం, ఒక పని ముగియగానే తర్వాతి పనిని తనంతట తానే ఎత్తుకునే ప్రోగ్రామ్ రాశారు. ఓఎస్‌లకు అదే తొలి రూపం. ఈరోజు మన ఓఎస్ చేసేదీ, విశాఖ పోర్టులో రోజూ జరిగేదీ ఒకే రకం పని. బెర్తులు కొన్నే, బయట లంగరేసి ఎదురుచూసే ఓడలు చాలా. ఎవరు ఎప్పుడు ఏ బెర్తుకు రావాలో, ఎంతసేపు ఉండాలో పోర్టు చెబుతుంది. ఐ3లో ఉన్న కోర్లు రెండే. వాటి కోసం వందకు పైగా ప్రోగ్రామ్‌లు కాచుకుని ఉంటాయి. ఒక్కోదానికి కొన్ని మిల్లీసెకన్లు ఇచ్చి లేపుతూ, అన్నీ ఒకేసారి నడుస్తున్నాయని మనకు అనిపించేలా ఓఎస్ నడిపిస్తుంది.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదలుపెట్టారు. అప్పటి ఓఎస్‌లలో చాలావాటిలాగే అదీ ఒక యంత్రం సొంత భాషలో రాసిందే. ఆ యంత్రం పోతే ఓఎస్సూ పోయేది. థాంప్సన్, డెన్నిస్ రిచీ కలిసి 1973లో దాన్ని సీ భాషలో తిరగరాశారు. కథ మలుపు తిరిగింది ఇక్కడే. సీలో రాసినదాన్ని ఏ యంత్రం భాషలోకైనా కంపైల్ చేయొచ్చు. ఆ దశాబ్దం ముగిసేలోపు యూనిక్స్ వేరే కంపెనీల యంత్రాల మీదా నడిచింది. మన ఇంట్లో పెన్ డ్రైవ్‌తో ఓఎస్ మార్చే వీలు అక్కడి నుంచి వచ్చింది.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా ఓఎస్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటర్ మీద లినక్స్ కెర్నెల్ (ఓఎస్ మూలభాగం) రాసి అందరికీ ఇచ్చేశాడు. 1994లో వెర్షన్ 1.0 వచ్చేసరికి అది సుమారు 1,76,000 వరసలు. ఇప్పుడు కోట్లలో ఉంది. అందులో సగానికి పైగా డ్రైవర్లే. పాత ల్యాన్ కార్డులు, పాత సౌండ్ చిప్‌లు, ఎవరూ గుర్తుపెట్టుకోని వెబ్‌క్యామ్‌లు, వీటన్నిటికీ ఎవరో ఒకరు రాసి పెట్టారు. విండోస్ వేశాక డ్రైవర్ సీడీ కోసం అలమరా అంతా వెతికినవాళ్లకు లినక్స్ వేసిన వెంటనే నెట్ రావడం వింతగా ఉంటుంది. డ్రైవర్ కెర్నెల్‌తోనే వచ్చింది, అంతే.

ఇప్పుడు మన ఐ3 దగ్గరికి. పవర్ నొక్కగానే బోర్డు తనను తాను పరీక్షించుకుని, పాత బయాస్ పద్ధతిలో అయితే డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్. తర్వాతి 64 బైట్లు డిస్క్‌ని ఎన్ని పార్టిషన్లుగా విడగొట్టారో చెప్పే పట్టిక, నాలుగు వరసలు, ఒక్కో వరస 16 బైట్లు. చివరి రెండు బైట్లు 55, ఏఏ అనే గుర్తు. ఆ గుర్తు లేకపోతే చాలా బోర్డులు డిస్క్‌ని బూట్ డిస్క్‌గా లెక్కలోకే తీసుకోవు. యూఈఎఫ్ఐ ఉన్న బోర్డులైతే దీనికి బదులు చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లో బూట్ ఫైలు వెతుకుతాయి. కొత్త ఓఎస్ ఇన్‌స్టాల్ అవడమంటే ఈ తలుపు దగ్గర మనిషి మారడం, ఆ వెనక ఒక పార్టిషన్‌లో కొత్త ఫైళ్లు చేరడం. ప్రాసెసర్‌లోనూ ర్యామ్‌లోనూ ఏదీ మారదు.

ఫార్మాట్ కొట్టించే ముందు పెన్ డ్రైవ్ నుంచే లినక్స్‌ని లైవ్‌గా నడిపి చూడొచ్చు. డిస్క్‌ని తాకకుండా ర్యామ్‌లోనే నడుస్తుంది. క్లాస్ నాపర్ 2000లో తెచ్చిన నాపిక్స్ సీడీతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. వైఫై వస్తోందా, శబ్దం వస్తోందా, ప్రింటరు కదులుతోందా అన్నది అక్కడే తేలిపోతుంది. ప్రింటరు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్‌లో సరైన డ్రైవర్ లేదు. ట్యాలీ మీద లెక్కలు రాసుకునే దుకాణదారు విండోస్ వదలడం తొందరపాటే. రెండూ ఉంచుకుని డ్యూయల్ బూట్ పెట్టుకోవచ్చు. అలా పెట్టుకునేటప్పుడు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా దిగదు, సగం నిద్రపోతుంది. అలాంటి సీ డ్రైవ్‌లో రాయడానికి లినక్స్ ఒప్పుకోదు, చదవనిస్తుంది. మన ఫైళ్ల క్షేమం కోసమే ఆ పట్టు.

ఇంకో సంగతి మన దేశంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. లినక్స్ నుంచి తిరిగి విండోస్‌లోకి వెళ్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోయి ఉంటుంది. బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంది. అందులోని సమయాన్ని విండోస్ స్థానిక సమయం అనుకుంటుంది. లినక్స్ మాత్రం గ్రీనిచ్ సమయం అనుకుని, దానికి 5:30 కలిపి చూపిస్తుంది, సరిదిద్దేటప్పుడు గ్రీనిచ్ సమయమే అందులో రాస్తుంది. బ్యాటరీ పోయిందని కొత్తది వేయించినా ఇది తీరదు. స్థానిక సమయమే వాడమని లినక్స్‌కి ఒక్క ఆదేశం ఇస్తే సరిపోతుంది.

ఇవన్నీ ఒక సాయంత్రంలో తేలే పనులు. తేలనిది తెలుగు. మన ఇళ్లలో, జిరాక్స్ సెంటర్లలో, డీటీపీ చేసేవారి దగ్గర ఏళ్ల తరబడి పోగైన ఫైళ్లు ఉన్నాయి. పెళ్లి శుభలేఖలు, సంఘాల కరపత్రాలు, దస్తావేజు నకళ్లు, ఎవరో తాతగారు రాసి అచ్చు వేయించుకోని పద్యాలు. చాలావరకు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో చేసినవి. ఆ ఫాంట్లలో కంప్యూటర్‌కి తెలుగు అన్నది తెలియదు. ఫైలులో ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. వాటి స్థానంలో ఫాంటు తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా బొమ్మలు పేరుస్తుంది. ఫాంటు లేని ఓఎస్‌లో ఆ ఫైలు తెరిస్తే శుభలేఖ బదులు అర్థంలేని ఇంగ్లిషు గీతలు కనిపిస్తాయి. పాత విండోస్ ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్‌లోనే ఆగినా, ఆ తర్వాత కూడా డీటీపీ గదుల్లో అది నడిచిందంటే ఇదొక పెద్ద కారణం.

యూనికోడ్ లెక్క వేరు. అందులో ఒక్కో తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య ఉంది. ‘మల్కాపురం’ అని రాస్తే మ, ల, పొల్లు, క, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా అని తొమ్మిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 27. ‘ల్కా’ని చూడండి. ఫైలులో దీర్ఘం ‘క’ తర్వాత ఉంది. తెర మీద మాత్రం అది ‘ల’ నెత్తిన కూర్చుంటుంది, ‘క’ వత్తయి కిందికి దిగుతుంది. ఈ మార్పిడి ఓఎస్‌లోని షేపింగ్ ఇంజిన్ పని. లినక్స్‌లో దాని పేరు హార్ఫ్‌బజ్. ఇది తేలికైన పనేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక వరసలో రాసి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చింది.

స్వేచ్ఛా ఓఎస్‌లలో తెలుగు ఈరోజు ఇంత సజావుగా ఉందంటే దాని వెనక మనవాళ్ల శ్రమ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. లినక్స్ పంపిణీల్లో ఒకటైన డెబియన్ తన భాండాగారంలో వాటిని చేర్చుకుంది. రెడ్ హ్యాట్ లోహిత్ తెలుగు ఇచ్చింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా అదే పేరుతో తెలుగు ఓఎస్‌ని తెచ్చింది. మెనూల్లో, సందేశాల్లో ఒక్కో వాక్యాన్నీ స్వచ్ఛంద సేవకులు కూర్చుని తెలుగు చేశారు. ఆ పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదన్నది నా బాధ. నేవీకి ఆనుకుని ఉన్న మల్కాపురంలో ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. రక్షణ మంత్రిత్వ శాఖ తన కంప్యూటర్లలో విండోస్ స్థానంలో ‘మాయా’ అనే ఓఎస్ వేస్తోందని 2023 ఆగస్టులో వార్తలొచ్చాయి. దానికి ఆధారం ఉబుంటు, ఉబుంటుకి ఆధారం డెబియన్. మన ఐ3లో వేసుకోదగ్గ లినక్స్ మింట్‌దీ అదే వంశం.

కాబట్టి క్రమం ఇది. విండోస్ తీసేయకముందే, అను ఫాంట్లు ఉన్న ఆ సిస్టమ్‌లోనే ప్రతి తెలుగు ఫైలునీ తెరిచి ఒక పీడీఎఫ్ తీసి పెట్టుకోవాలి. రూపం అలాగే ఉంటుంది, కానీ అందులో వెతకడం కుదరదు. ఆ తర్వాత యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో మార్చి, పీడీఎఫ్ పక్కన పెట్టుకుని వత్తులు, అరసున్నలు, అంకెలు సరిచూసుకోవాలి. తప్పులు దొర్లేది అక్కడే. రెండు ప్రతులు బయటి డిస్క్‌లో దాచాకే ఫార్మాట్. వేళ్ల అలవాటు గురించి బెంగ అక్కర్లేదు. ఐబస్ అనే టైపింగ్ సాధనం ద్వారా ఎం17ఎన్ పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌లతో పాటు డీటీపీవాళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు వరస కూడా దొరుకుతుంది.

4 జీబీ ర్యామ్‌కి మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం సరిపోతుంది, డెస్క్‌టాప్ ఒక జీబీ లోపే సర్దుకుంటుంది. వీలైతే పాత హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి. తిరిగే డిస్క్‌లో ముల్లు సరైన చోటికి చేరడానికి పది మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఎస్ఎస్‌డీకి ఆ కదలికే లేదు. లినక్స్ కూడా ఎల్లకాలం అన్నిటినీ మోయదు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 పాత 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. మన ఐ3 64 బిట్‌ది, దానికి ఆ ఇబ్బంది లేదు. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. అప్పటికి ఈ పెట్టెకి సుమారు పదిహేనేళ్లు ఉంటాయి. ఫ్యాన్ ఒకసారి మార్చాల్సి రావచ్చు. ఆ తర్వాత ఏ ఓఎస్ వేసినా, యూనికోడ్‌లోకి చేరిన ఫైళ్లను మళ్లీ మార్చే పని ఉండదు.