పెద్ద టైరు వేస్తే వాగు దాటేస్తుందా?

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వచ్చే రోడ్డుకు పెద్ద టైర్లు అక్కర్లేదు. తారు రోడ్డు, ఆర్టీసీ బస్సు తిరిగే దారి. అసలు కథ చర్ల దాటి అడవి వైపు తిరిగాక మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర పడేకొద్దీ తారు పోయి కంకర, కంకర పోయి మట్టి, చివరికి బండిజాడ మాత్రమే మిగులుతుంది. మధ్యలో వాగులు. గూడెం నుంచి గర్భిణిని జెట్టీ కట్టి మోసుకొచ్చారన్న వార్తలు మీరూ ఫోన్లో చూసే ఉంటారు. ఆ జెట్టీ ఎక్కడ దిగుతుంది, మనిషి ఎక్కడ బండి ఎక్కుతుంది అన్నది చాలాసార్లు బండి ఎంత లోపలికి రాగలదన్న దాని మీదే ఉంటుంది.

అందుకే ఇక్కడి కుర్రాళ్లు రీల్స్‌లో థార్లు, గూర్ఖాలు చూసి "అన్నా, మనోళ్ల బండికి కూడా అట్లాంటి టైర్లేస్తే?" అంటే నేను నవ్వను. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే జవాబు రీల్ చెప్పినంత తేలిక కాదు.

మా బాబాయి దగ్గర సెకండ్ హ్యాండ్ బొలెరో ఉంది. మిర్చి సీజన్లో కూలీలను తోలుతాడు, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. రాత్రిపూట ఎవరికన్నా ఒంట్లో బాగోకపోతే మొదట ఫోన్ వచ్చేది ఆయనకే. ఆ బండిని పాత ఓనరే లిఫ్ట్ చేయించాడు. ముందు స్ప్రింగుల దగ్గర స్పేసర్లు, వెనక కమాన్ కట్టలో ఒక పట్టీ అదనం. బాడీ రెండు అంగుళాలు పైకి లేచింది. టైర్లు మాత్రం కంపెనీవే, 215/75 ఆర్15.

"ఇంత లేపినా కింద తగుల్తనే ఉందిరా" అని బాబాయి గొడవ. తగలక ఏం చేస్తుంది? టేపు పట్టుకుని కింద దూరి చూస్తే విషయం ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. లిఫ్ట్ చేస్తే లేచేది బాడీ, ఛాసిస్. వెనక యాక్సిల్ లేవదు. దాని మధ్యలో గుండ్రంగా వేలాడే డిఫరెన్షియల్ హౌసింగ్ లేవదు. కమాన్ పట్టీలు యాక్సిల్ మీద కూర్చుంటాయి, యాక్సిల్ చక్రాల మీద కూర్చుంటుంది. చక్రం పెరిగితే తప్ప ఆ హౌసింగ్ నేల నుంచి ఒక్క మిల్లీమీటరు కూడా పైకి పోదు. అడవి దారిలో రెండు గాడుల మధ్య ఉబ్బుకు, మొద్దులకు, రాళ్లకు ముందుగా తగిలేది అదే. అంటే బాబాయి బండి ఎత్తుగా కనిపిస్తోంది కానీ, వెనక యాక్సిల్ దగ్గర ఫ్యాక్టరీలో పుట్టిన ఎత్తులోనే ఉంది. పెద్ద టైరుకు చోటు చేయడమే లిఫ్ట్ అసలు పని. టైరు మార్చకుండా లిఫ్ట్ ఒక్కటే చేయించడం సగం పని.

మరి ఎంత పెద్దది? ఇక్కడ కాస్త లెక్క ఉంది, భయపడకండి. 215/75 ఆర్15 అంటే టైరు వెడల్పు 215 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ 15 అంగుళాలు. కూడితే చక్రం మొత్తం ఎత్తు 703 మి.మీ. పైచిలుకు. అదే రిమ్ సైజులో 235/75 ఆర్15 తీసుకుంటే 733. తేడా 30 మి.మీ. అయినా యాక్సిల్ లేచేది అందులో సగమే, 15 మి.మీ. కుర్రాళ్లు ముచ్చటపడే 31×10.5 ఆర్15 వేస్తే చక్రం 787 మి.మీ. అవుతుంది, యాక్సిల్ 42 మి.మీ. లేస్తుంది. బొలెరోకు కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్సే 180 మి.మీ. దాని మీద 42 అంటే చిన్న సంగతి కాదు. చూడగానే మనసు లాగేది దానివైపే.

కానీ ఆ 42 మి.మీ.కి కట్టే ధర చూడండి. చక్రం దాదాపు 12 శాతం పెరిగింది. అంటే అదే గేరులో నేల మీద లాగే శక్తి పదిలో ఒక వంతుకు పైగా తగ్గిపోతుంది. పది మంది కూలీలతో, మిర్చి బస్తాలతో గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ వాసన రావడం అందుకే. మీటర్ మీద 60 చూపిస్తుంటే బండి నిజంగా 67లో పోతుంటుంది. బ్రేకులు మాత్రం పాతవే, తిరిగే చక్రం బరువేమో పెరిగింది. రిమ్ కూడా మార్చాలి, ఎందుకంటే 10.5 అంగుళాల టైరుకు కనీసం 7 అంగుళాల వెడల్పు రిమ్ కావాలి. రిమ్ బయటికి పొడుచుకొస్తే బేరింగుల మీద భారం. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు బంపర్ అంచుకు రాస్తుంది. షాపు ముందు చదునైన నేల మీద తిప్పి చూసి "ఎక్కడా తగలట్లేదన్నా" అంటే నమ్మకండి. ఒక ముందు చక్రాన్ని రాయి మీదకు ఎక్కించి, అప్పుడు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి. అడవిలో జరిగేది అదే.

బాబాయికి నేను చెప్పింది 235/75. పదిహేను మిల్లీమీటర్లేనా అని మొహం ముడుచుకున్నాడు. కానీ దాంతో లాగుడు నాలుగు శాతమే తగ్గుతుంది, ఉన్న రెండంగుళాల లిఫ్టులో సరిపోతుంది. కొనేముందు రిమ్ వెడల్పు ఒకసారి కొలిపించి, టైరు కంపెనీ చార్టుతో సరిచూస్తే చాలు. కిరాయి బండికి ఇంతకంటే పెద్దది దండగ అని నా అభిప్రాయం. సరదా బండి అయితే మీ ఇష్టం, మీ జేబు.

ఇక వెడల్పు గురించి. వెడల్పాటి టైరు అన్ని చోట్లా గొప్పదనుకోవడం పెద్ద భ్రమ. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకు వేసింది 6.00-16, అంటే ఆరంగుళాల సన్నటి టైరు. మహీంద్రా 1947 నుంచి మన దగ్గర బిగించింది ఆ విల్లీస్ జీపులనే. సన్నటి టైరు పైనున్న మెత్తటి బురదను కోసుకుంటూ కిందున్న గట్టి నేలను పట్టుకుంటుంది. ఇసుకలో మాత్రం తేలాలి, అక్కడ వెడల్పు కావాలి. ఐస్‌లాండ్‌లో మంచు మీద నడిపే బండ్లకు 38 అంగుళాల టైర్లు వేసి, గాలి బాగా తీసేసి నడుపుతారు. అక్కడ కింద గట్టి నేల దొరకదు కాబట్టి తేలడమే దారి. మన దగ్గర గోదావరి ఇసుకా ఉంది, నల్లరేగడీ ఉంది. రేగడి తడిస్తే టైరు గీతల్లో ముద్దగా పట్టేసి ఏ టైరునైనా నున్నగా చేసేస్తుంది. మన రైతులు పొలం దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించేది ఊరికే కాదు. అందుకే గీతల మధ్య కాస్త ఖాళీ ఉన్న ఏటీ రకం చాలు. పూర్తి బురద టైరు, అదే ఎంటీ, తారు మీద హోరుమంటుంది, తొందరగా అరుగుతుంది. బాబాయి బండి నడిచేది ఎక్కువగా తారు మీదే.

ఇసుకలో దిగబడితే డబ్బు ఖర్చు లేని చిట్కా ఒకటుంది. గాలి తగ్గించండి. 18, 20 పాయింట్లకు దించితే టైరు నేలను పొడుగ్గా పట్టుకుంటుంది. నెమ్మదిగా పోవాలి, కోసి మలుపులు తిప్పకూడదు, తారు ఎక్కగానే మళ్లీ కొట్టించాలి. బండిలో చిన్న పంపు, గేజ్ లేకుండా ఈ పని చేయొద్దు.

ఇప్పుడు వాగు. తాలిపేరు గేట్లు ఎత్తినప్పుడో, పైన ఛత్తీస్‌గఢ్‌లో వాన పడినప్పుడో నీళ్లు ఎంత వేగంగా వస్తాయో ఇక్కడి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. పెద్ద టైరు ఉంది కదా అని పారే నీళ్లలోకి దిగడమే అన్నింటికన్నా ప్రమాదం. బొలెరో నాలుగు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు. నీళ్లు ఫ్లోర్‌ను దాటాక, లోపలికి రానంతవరకు, ప్రతి పది సెంటీమీటర్ల నీరు బండిని 600 కిలోలకు పైనే పైకి నెడుతుంది. పెద్ద టైర్లలోని గాలి దానికి ఇంకా సాయం చేస్తుంది. చక్రాల మీద బరువు పోయాక టైరు ఎంత ఖరీదైనదైతే ఏం, పట్టు ఉండదు. నీళ్లు నిలిచి ఉండి, అడుగు కనిపించి, మనిషి కర్రతో నడిచి చూశాకే దిగాలి. లేదంటే ఒడ్డునే ఆగాలి, జెట్టీ కోసం ఎదురుచూడాలి.

పైన మనుషులను ఎక్కించుకునే అలవాటు కూడా ఇక్కడే చెప్పాలి. లిఫ్ట్ చేసిన బండి బరువు కేంద్రం ముందే పైకి పోయింది. టాపు మీద నలుగురు కూర్చుంటే ఇంకా పైకి పోతుంది. పక్కవాటు గట్టు మీద ఒక గుంతలో చక్రం పడితే చాలు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. బాబాయి బండి లిఫ్టుతోనే కొన్నాడు కాబట్టి ఓనరుగా జవాబు చెప్పాల్సింది ఇప్పుడు ఆయనే. ఆర్టీఏ ఆఫీసులో అడిగి, ఒప్పుకోకపోతే ఆ అదనపు పట్టీ, స్పేసర్లు తీయించేయమన్నాను. అప్పుడు టైరు కూడా పాత సైజులోనే, కాకపోతే ఏటీ గీతలతో. ఇంకా తేల్చుకోలేదు.

ఏ సైజు తీసుకున్నా కొనాల్సింది ఐదు, నాలుగు కాదు. స్టెప్నీ పాత సైజుదే ఉంచి, వెనక చక్రానికి వేసుకుని ఇరవై కిలోమీటర్లు నడిపితే డిఫరెన్షియల్ గేర్లు ఆగకుండా ఒరుసుకుంటూనే ఉంటాయి. టైరు పక్కన లోడ్ ఇండెక్స్ 100 అని ఉంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని అర్థం, అంతకు తగ్గింది తీసుకోవద్దు. తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటుంది, అదీ చూడండి. జాకీ మర్చిపోవద్దు. పాత జాకీ లిఫ్ట్ చేసిన బండికి అందదు, అడవిలో దాని కింద పెట్టడానికి మందపాటి చెక్క ముక్క ఒకటి సీటు కింద ఉండాలి.