బిగుసుకున్న స్టీరింగ్ ఏం చెబుతోంది?

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, విన్‌స్టన్-సేలం నగరంలో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు, అంటే సుమారు 400 మీటర్ల తారు ట్రాక్. 1949 నుంచి వేసవి శనివారాల్లో రాత్రిపూట అక్కడ స్టాక్ కార్ల (మామూలు కార్ల నుంచి మలచిన పందెం కార్ల) పందేలు జరుగుతున్నాయి. ఇలాంటి చిన్న ట్రాకుల మీద పోటీపడేవారిలో చాలామంది ఔత్సాహికులు. వారమంతా తమ ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలు ఇంటి షెడ్డులో పాత కారును పందేనికి సిద్ధం చేసుకుంటారు. వాళ్లను తరచూ వేధించే సమస్య బిగుసుకున్న స్టీరింగ్. వెనక చక్రాలు జారినప్పుడు స్టీరింగ్‌ను రెప్పపాటులో వెనక్కి తిప్పాలి. అది చేతికి బరువైతే కారు గోడకు తగులుతుంది.

అందుకే ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి: స్టీరింగ్ తిరగడం లేదా, కారు తిరగడం లేదా? పందెం కార్లలో వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరిగేలా ఇరుసును బిగించేస్తుంటారు. అలాంటి కారు చిన్న మలుపులో నేరుగా పోవాలని చూస్తుంది. స్టీరింగ్ సులువుగానే తిరిగినా కారు మాట వినదు. అది వేరే జబ్బు, దాని మందు వేరు.

నిజంగా స్టీరింగే బరువైతే, అందులో ఎంత సహజమో తెలియాలి. చేతులు వదిలి సైకిల్ తొక్కగలుగుతున్నామంటే దానికి ఒక కారణం ముందు ఫోర్కు ఏటవాలుగా ఉండటం. చక్రం తనంతట తానే నిటారుకు వస్తుంది. కారులో ఈ వాలును కాస్టర్ అంటారు. కాస్టర్ పెరిగితే కారు నిలకడగా పోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాక్ మీద కుడి ముందు చక్రానికి ఎడమదానికంటే ఎక్కువ కాస్టర్ పెడతారు. దాంతో కారు ఎడమకు దానంతటదే లాగుతుంది. ఎడమకు తేలిగ్గా, కుడికి కొంచెం బరువుగా ఉందంటే అది లోపం కాకపోవచ్చు.

యజమాని చేసిన మార్పులూ బరువు పెంచుతాయి. చక్రాన్ని బయటికి జరిపే రిమ్ములు వేస్తే, టైరు నేలను తాకే చోటు చక్రం తిరిగే అక్షానికి దూరమవుతుంది. పొడుగాటి గడ్డపారతో బండరాయిని కదిపినట్టు, రోడ్డు తన బలాన్ని అంత ఎక్కువగా చేతుల మీదికి పంపుతుంది. 16:1 నిష్పత్తి స్టీరింగ్ బాక్సు తీసి 12:1 బాక్సు పెడితే తక్కువ తిప్పితే చాలు. కానీ పవర్ సాయం లేకపోతే మూడో వంతు ఎక్కువ బలం పెట్టాలి.

ఇక పరీక్ష. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇంజను ఆపి స్టీరింగ్ తిప్పండి. చక్రాలు గాల్లో ఉన్నా పట్టేస్తుంటే లోపం యంత్ర భాగాల్లోనే ఉంది. ఇప్పుడు బాక్సు నుంచి చక్రాలకు పోయే లింకును విప్పి, రెండు వైపులా విడివిడిగా కదపండి. చక్రాలే బిగుసుకుంటే గ్రీజు ఎండిన బాల్ జాయింట్లు గానీ, దెబ్బ తగిలి వంగిన రాడ్డు గానీ కారణం. స్టీరింగ్ వైపే బిగుసుకుంటే కాలమ్‌ను, అంటే స్టీరింగ్ చక్రం నుంచి వచ్చే కడ్డీని, బాక్సు నుంచి వేరు చేసి రెండింటినీ విడిగా తిప్పండి. ఒక చుట్టులో రెండుసార్లు బరువు, రెండుసార్లు తేలిక అనిపిస్తే కాలమ్‌లోని యూనివర్సల్ జాయింట్ల కోణం తప్పింది. కాలమ్ తేలిగ్గా తిరిగి, బాక్సు సరిగ్గా మధ్యలోనే పట్టేస్తే దాని మీది సర్దుబాటు స్క్రూను ఎవరో అతిగా బిగించి ఉంటారు. ప్రతి మెట్టులో సందేహం సగానికి తగ్గుతుంది.

గాల్లో తేలిగ్గా, నేల మీద బరువుగా ఉంటే ముందు టైర్లలో గాలి చూడండి, తర్వాత కాస్టర్, రిమ్ములు. ఆ తర్వాతే పవర్ స్టీరింగ్. క్రైస్లర్ సంస్థ 1951లో ఇంపీరియల్ కార్లతో మార్కెట్లోకి తెచ్చిన ఈ ఏర్పాటులో, ఇంజను బెల్టుతో తిరిగే పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది. మనం స్టీరింగ్ తిప్పగానే బాక్సులోని వాల్వు తెరుచుకుని ఆ ఒత్తిడిని సాయానికి పంపుతుంది. బెల్టు జారినా, నూనె తగ్గినా సాయం పోతుంది. నూనె నురగ కడుతుంటే ఎక్కడో గాలి చొరబడుతోంది. మొదట బాగుండి, కొన్ని చుట్ల తర్వాత బిగుసుకుంటే వేడిని అనుమానించాలి. వేడెక్కిన నూనె పలచబడి, అరిగిన పంపులోపలే వెనక్కి కారిపోతుంది. గొట్టాలను ఎగ్జాస్ట్ పైపులకు దూరంగా జరిపి, నూనెకు కూలర్ పెట్టడం దీనికి విరుగుడు. వేగంగా తిప్పినప్పుడు మాత్రమే పట్టేస్తే పంపు చాలినంత నూనె అందించడం లేదు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, మొదటే కొత్త పంపు కొనడం. వంగిన రాడ్డును పంపు బలంతో తిప్పితే లోపం దాక్కుంటుంది, పోదు. ఒకనాడు మలుపు మధ్యలో ఆ రాడ్డే విరుగుతుంది. కాబట్టి స్పానర్ పట్టేముందు జాకీతో కారు ఎత్తండి. విప్పిన నట్లలో కాటర్ పిన్ ఉన్నవాటికి కొత్త పిన్ వేయండి. స్టీరింగ్ ఎందుకు బిగుసుకుందో తేలేవరకు ఆ కారును ట్రాక్ మీదికి తీసుకెళ్లకండి.