తాళపు గూడు – యంత్రం, వడ్రంగి

మన నివాస గృహాల నిర్వహణలో తలుపుకు తాళపు గూడు తొలచడం చిన్న పనిగా కనిపించినా, మిక్కిలి సున్నితమైనది. 35 మిల్లీమీటర్ల మందం గల తలుపు అంచున 17 మిల్లీమీటర్ల వెడల్పు గూడు తొలిస్తే, ఇరువైపులా మిగిలేది 9 మిల్లీమీటర్ల కలప మాత్రమే. గూడు 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఒకవైపు 6 మిల్లీమీటర్లే మిగులుతుంది. తాళం ఎంత గట్టిదైనా, తలుపును బలంగా తన్నినపుడు ముందుగా చీలేది ఆ పలుచని భాగమే.

ఉలితో, బర్మాతో చాలాసేపు శ్రమించవలసిన ఈ పనిని లాక్ మార్టైజర్ అనే విద్యుత్ పనిముట్టు కొద్ది నిమిషాలలో ముగిస్తుంది. దాని దవడలు తలుపును రెండు పక్కలా బిగించి పట్టి, కట్టర్‌ను అంచు నడిమధ్యన నిలుపుతాయి. పొడవైన కట్టర్ అంచువెంట ఇటూ అటూ సాగుతూ, ప్రతి విడతకూ కొద్దికొద్దిగా లోతుకు దిగుతుంది.

అయితే గూడు ఎక్కడ ఉండాలో యంత్రానికి తెలియదు. నడిమి అడ్డుచెక్క కుసి నిలువుచెక్కలో దిగిన చోట తొలిస్తే తలుపు అతుకే తెగిపోతుంది. కనుక మీట నొక్కకముందే కుసి ఉన్న చోటును, తాళం కొలతలను సరిచూసి గీత గీయవలెనని మా మనవి.

కట్టర్ మార్చేముందు ప్లగ్గు తీయడం, కళ్ళజోడు, మాస్కు ధరించడం తప్పనిసరి. కలపధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించిన సంగతి మరువరాదు.

యంత్రం శ్రమను తగ్గిస్తుంది. గీత గీసే బాధ్యత మాత్రం వడ్రంగిదే. ఆ తలుపు వెనుక నిశ్చింతగా నిద్రించే కుటుంబం నమ్ముకున్నది ఆ గీతనే.